గోడలు సరే, పిల్లర్ల సంగతేంటి?

ఫ్రేమ్‌వర్క్‌ల లోపలి ప్రవర్తనను మార్చుకునే స్వేచ్ఛ డెవలపర్లకు ఉండాల్సిందే. ఆ మార్పు ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో కూడా ముందే తేలాలి

వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి. గోదావరి జిల్లాల్లో ఏ వీధిలోనైనా వినిపించే పేరే. ఇంటిపేరు కలపకుండా ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, మధ్యలో ఖాళీలను కూడా లెక్కేస్తే 34 స్థానాలు తీసుకుంటుంది. వెబ్‌సైట్ల తయారీకి ప్రపంచమంతా వాడే జాంగో అనే సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్ తన వెంట సిద్ధంగా ఇచ్చే వినియోగదారు పట్టికలో, పేరు రాసుకునే గడిలో 2020 ఆగస్టు దాకా పట్టేవి 30 అక్షరాలే. అంటే మూర్తిగారు ‘మూ’ దగ్గర ఆగిపోవాల్సిందే.

ఆ కొలత పెట్టినవాళ్లకు దురుద్దేశమేమీ లేదు. జాంగో పుట్టింది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం లారెన్స్ పట్టణంలో, ఒక స్థానిక దినపత్రిక కార్యాలయంలో. వార్త అచ్చుకు వెళ్లే గడువు లాంటిదే వెబ్ పేజీకీ ఉంటుంది కాబట్టి గంటల్లో సైట్లు కట్టేందుకు తయారుచేసుకున్న సరంజామా అది. 2005లో దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. తమ చుట్టూ ఉన్న పేర్లను దృష్టిలో పెట్టుకున్నవాళ్లకు 30 అక్షరాలు ధారాళంగానే కనిపించి ఉంటాయి.

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో కూర్చుని ఒక కాలేజీకి సైట్ కడుతున్న డెవలపర్‌కు ఈ చరిత్రతో పని లేదు. అతని ముందున్న ప్రశ్న ఒక్కటే. ఫ్రేమ్‌వర్క్ లోపలికి చెయ్యి పెట్టి ఆ 30ని 100 చేయొచ్చా? సాఫ్ట్‌వేర్ రంగంలో ఏళ్ల తరబడి తెగని పంచాయితీ ఇదే. తనలో ముందే పొదిగిన ప్రవర్తనను వాడుకునేవాళ్లు ఓవర్‌రైడ్ చేయడానికి, అంటే దాన్ని పక్కకు నెట్టి తమ పద్ధతిని పెట్టుకోవడానికి ఫ్రేమ్‌వర్క్ ఒప్పుకోవాలా, వద్దా?

పైకి చూస్తే ఇది ప్రోగ్రామర్ల ఇంటి గొడవ. కానీ మన బ్యాంకు ఖాతా, ఆస్పత్రి రిజిస్ట్రేషన్, పరీక్ష ఫలితాలు అన్నీ ఏదో ఒక ఫ్రేమ్‌వర్క్ మీద నడిచేవే. పైగా ఈ గొడవ ఖరీదు తమ రాత్రి నిద్రతో చెల్లిస్తున్నవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ లేరు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ముందు ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటో చూద్దాం. ప్రోగ్రామర్లు లైబ్రరీ అని పిలిచేది పనిముట్ల పెట్టె లాంటిది. అవసరమైనప్పుడు మీరు దాన్ని పిలుస్తారు, పని అయ్యాక పక్కన పెడతారు. ఫ్రేమ్‌వర్క్‌లో ఈ వరస తిరగబడుతుంది. మీరు రాసిన కోడ్‌ను ఎప్పుడు, ఏ క్రమంలో పిలవాలో అదే నిర్ణయిస్తుంది. ఒకరకంగా అది బిల్డరు కట్టిచ్చిన అపార్టుమెంటు. స్లాబు, పిల్లర్లు, నీళ్ల పైపులు ముందే ఉంటాయి. మీరు వచ్చి చేరతారు. గోడలకు రంగు, వంటింట్లో అలమరాలు మీ ఇష్టం. హాలు పెద్దది కావాలని పిల్లరు కొట్టిస్తానంటే మాత్రం పై అంతస్తువాళ్లు పరిగెత్తుకుంటూ దిగుతారు. చిక్కేమిటంటే సాఫ్ట్‌వేర్‌లో ఏది గోడో ఏది పిల్లరో కంటికి కనిపించదు. కట్టినవాడికే ఒక్కోసారి తెలియదు.

స్వేచ్ఛ కావాలనేవాళ్ల వాదనకు మంచి ఉదాహరణ రూబీ. జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోతో 1995లో బయటపెట్టిన ఈ భాషలో దాదాపు ఏదీ నిషిద్ధం కాదు. భాషలోనే అంతర్భాగమైన అంకెల, పదాల ప్రవర్తనను కూడా నడుస్తున్న ప్రోగ్రామ్ మధ్యలో మార్చేయొచ్చు. డెన్మార్క్ ప్రోగ్రామర్ డేవిడ్ హైనమయర్ హాన్సన్ 2004లో విడుదల చేసిన రూబీ ఆన్ రైల్స్ ఫ్రేమ్‌వర్క్ ఈ వెసులుబాటు మీదే ఎదిగింది. 2 అనే అంకెను ‘రెండు రోజుల క్రితం’ అని అడిగితే తేదీ లెక్కగట్టి చెప్పేలా దానికి నేర్పారు. ఇలా పరాయి కోడ్‌ను నడుస్తుండగానే మార్చడానికి ప్రోగ్రామర్లు పెట్టుకున్న ముద్దుపేరు మంకీ ప్యాచింగ్. ఆ కోతిచేష్టే రైల్స్ అందాల్లో ఒకటైంది.

హాన్సన్ దీన్ని దాపరికం లేకుండా సమర్థించుకున్నారు. ప్రోగ్రామర్ చేతికి పదునైన కత్తి ఇవ్వాలన్నది రైల్స్ సిద్ధాంతాల్లో ఒకటి. వేలు తెగుతుందన్న భయంతో అందరికీ మొద్దుకత్తి ఇస్తే వంట వచ్చినవాడు కూడా కూరగాయలు నలపాల్సిందే. పైథాన్ భాషలోనూ ఇదే ధోరణి. ‘ఇది లోపలి వ్యవహారం, ముట్టుకోకండి’ అని చెప్పడానికి పేరు ముందు ఒక అడ్డగీత పెడతారు. తాళం మాత్రం వేయరు. ఇక్కడున్నవాళ్లంతా పెద్దవాళ్లే కదా, తెలిసే చేస్తారన్నది వాళ్ల మాట.

ఈ వాదనలో బలముంది. ఫ్రేమ్‌వర్క్ రాసినవాడు సర్వజ్ఞుడేమీ కాదు. లక్ష రూపాయలు రాసేటప్పుడు మనం 1,00,000 అని కామాలు పెడతామని, ఇంటిపేరు ముందు వస్తుందని, కొందరికి అసలు ఇంటిపేరే రాసే అలవాటు లేదని అతనికి తెలియకపోవచ్చు. అతను ఊహించని ఊళ్లో, ఊహించని అవసరానికి ఆ ఫ్రేమ్‌వర్క్ వాడతారు. అక్కడ తలుపులన్నీ మూసేస్తే అతని ఊరి అలవాటే ప్రపంచానికి చట్టమవుతుంది.

మరి స్వేచ్ఛ వికటిస్తే? 2018లో జావాస్క్రిప్ట్ భాషకు ఆ అనుభవం ఎదురైంది. అన్ని వెబ్ బ్రౌజర్లూ అర్థం చేసుకునే ఈ భాషకు ప్రమాణాలు నిర్ణయించే కమిటీ, జాబితా లోపల జాబితాలుంటే వాటిని ఒకే వరసలో పరిచే కొత్త సదుపాయాన్ని చేర్చాలనుకుంది. దానికి ‘ఫ్లాటెన్’ అనే సహజమైన పేరు పెట్టింది. ఫైర్‌ఫాక్స్ ప్రయోగాత్మక వెర్షన్‌లో దాన్ని పెట్టగానే పాత వెబ్‌సైట్ ఒకటి పనిచేయడం మానేసింది. కూపీ లాగితే తేలిందేమిటంటే, 2000ల చివర్లో బాగా వాడుకలో ఉన్న మూటూల్స్ అనే సరంజామా, భాషకే చెందిన జాబితాల మీద అదే పేరుతో తన సొంత పద్ధతిని ముందే అతికించుకుంది. భాషలోకి అసలైన ‘ఫ్లాటెన్’ రాగానే మూటూల్స్ లోపలి లెక్క తప్పింది.

కమిటీలో వాదోపవాదాలు నడిచాయి. ‘స్మూష్’ అని పేరు మారుద్దామని ఒక సభ్యుడు సగం సరదాగా ప్రతిపాదించడంతో సోషల్ మీడియాలో పెద్ద దుమారమే రేగింది. చివరికి 2018 మేలో ‘ఫ్లాట్’ అనే పేరుతో సరిపెట్టుకున్నారు. మూటూల్స్‌ను ఎన్నడూ వాడనివాళ్లు, దాని పేరైనా విననివాళ్లు ఈరోజు రాస్తున్న కోడ్‌లో కూడా ఆ రాజీ ముద్ర ఉంది. ఎప్పుడో ఎవరో తమ సౌకర్యానికి చేసుకున్న మార్పుకు భాష మొత్తం పక్కకు జరగాల్సి వచ్చింది.

తాళం వేయాలనేవాళ్లకు ఇలాంటి కథలే ఆయుధాలు. వాళ్ల వాదన ఇంతకంటే లోతైంది కూడా. జావా భాషా గ్రంథాలయాల రూపకర్తల్లో ఒకరైన జాషువా బ్లాక్ 2001లో వెలువరించిన ‘ఎఫెక్టివ్ జావా’ పుస్తకంలో చూపిన ఉదాహరణ చాలామంది డెవలపర్లకు కంఠతా వచ్చు. జావాలో వస్తువులను దాచుకునే ఒక సంచి ఉంది. అందులో ఒక్కో వస్తువు వేయడానికి ఒక ఆదేశం, ఒకేసారి గుత్తగా వేయడానికి ఇంకో ఆదేశం. సంచిలో మొత్తం ఎన్ని వేశామో లెక్కపెట్టాలని ఒక డెవలపర్ ఆ రెండు ఆదేశాలనూ ఓవర్‌రైడ్ చేశాడనుకోండి. మొదటిదానికి 1 కలుపుతాడు. రెండోదానికి గుత్తలో ఎన్నుంటే అన్ని కలుపుతాడు. తర్కంలో తప్పేమీ లేదు. కానీ 3 వస్తువులను గుత్తగా వేస్తే లెక్క 6 చూపిస్తుంది. ఎందుకంటే గుత్త ఆదేశం లోపల్లోపల ఒక్కో వస్తువుకూ మొదటి ఆదేశాన్నే పిలుస్తోంది. ఆ సంగతి బయటికి ఎక్కడా రాసి లేదు. రేపు వచ్చే వెర్షన్‌లో అలా పిలవడం మానేయొచ్చు కూడా.

ఓవర్‌రైడ్ చేసినవాడు ఆధారపడింది ఇచ్చిన మాట మీద కాదు, యాదృచ్ఛికంగా కుదిరిన లోపలి అమరిక మీద. అందుకే బ్లాక్ సలహా కచ్చితంగా ఉంటుంది. మార్చుకోవడానికి వీలుగా తయారుచేసి, ఎలా మార్చాలో రాసి ఇవ్వండి. అది చేతకాకపోతే మార్చడాన్ని నిషేధించండి. మైక్రోసాఫ్ట్ కోసం సి షార్ప్ భాషను రూపొందించిన ఆండర్స్ హైల్స్‌బెర్గ్ ఇదే ఆలోచనను భాషలోనే పెట్టారు. జావాలో ఒక పద్ధతిని ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప ఎవరైనా ఓవర్‌రైడ్ చేయొచ్చు. సి షార్ప్‌లో ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప చేయకూడదు. అనుమతి ఇవ్వడమంటే, ఆ పద్ధతిని ఎప్పుడు ఎలా పిలుస్తామో భవిష్యత్తు వెర్షన్లన్నిటికీ కలిపి మాట ఇవ్వడం. ఆలోచించకుండా ఇచ్చిన మాట నిలబడదన్నది ఆయన ఉద్దేశం.

ఇక్కడితో తాళం వర్గం గెలిచిందనుకుంటే పొరపాటే. 2016లో తొలి స్థిర వెర్షన్ వచ్చిన కోట్లిన్ భాష ఇంకో అడుగు ముందుకేసి తరగతులన్నిటికీ పుట్టుకతోనే తాళం వేసింది. అయితే కార్పొరేట్ ప్రపంచంలో విస్తృతంగా వాడే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్, డెవలపర్ రాసిన తరగతులకు నకళ్లు తయారుచేసి వాటిలో తన పనులు చొప్పిస్తుంది. తాళం ఉంటే నకలు కుదరదు. దాంతో అదే ఏడాది చివర్లో కోట్లిన్ తయారీదార్లే ఒక ఉపకరణం ఇవ్వాల్సి వచ్చింది. స్ప్రింగ్‌కు కావలసిన తరగతుల తాళాలను డెవలపర్ అడగకుండానే తీసిపెట్టడమే దాని పని. సిద్ధాంతం కోసం వేసిన తాళాన్ని వ్యవహారం కోసం తీయక తప్పలేదు.

పైగా తాళం వేసేవాడికీ స్వార్థం ఉంటుంది. ఫ్రేమ్‌వర్క్‌ల నుంచి ఒక మెట్టు కిందికి, వాటికి నేల లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరికి వెళ్తే అది స్పష్టంగా కనిపిస్తుంది. పాత 32 బిట్ విండోస్‌లో యాంటీవైరస్ కంపెనీలు కెర్నల్ అనే గర్భగుడిలోకి వెళ్లి దాని ఆదేశాలను తమవైపు మళ్లించుకునేవి. 2005లో 64 బిట్ వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ దీన్ని నిషేధించింది. కారణం న్యాయమైనదే. వైరస్‌లు కూడా అదే దారిన వస్తాయి. కానీ మరుసటేడాది విస్టా విడుదలకు ముందు సిమాంటెక్, మెకాఫీ గగ్గోలు పెట్టాయి. అప్పటికే మైక్రోసాఫ్ట్ సొంత భద్రతా ఉత్పత్తిని అమ్మడం మొదలుపెట్టింది మరి. కాపలాదారే పక్కన కొట్టు పెట్టుకుంటే గేటు మూయడంలో ధర్మమెంతో, వ్యాపారమెంతో ఎవరు చెప్పగలరు? యూరప్ నియంత్రణ సంస్థలు కూడా కన్నెర్ర చేయడంతో, భద్రతా సంస్థల కోసం అధికారిక మార్గాలు కల్పిస్తామని 2006 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది.

ఇతరులకు కెర్నల్‌లో చోటివ్వడం ఎంత ఖరీదైన వ్యవహారమో 2024 జూలై 19న లోకం చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలును, అనుమతితోనే కెర్నల్‌లో కూర్చున్న దాని ప్రోగ్రామ్ చదవబోయి కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడకేశాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇది ఓవర్‌రైడ్ కథ కాదు. కానీ ఈ పంచాయితీలో ఎవరూ పిలవని మూడో మనిషిని అది చూపించింది. చేతిరాత పాసు పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రయాణికుడికి కెర్నల్ అంటే ఏమిటో తెలియాల్సిన పని లేదు. నష్టం మాత్రం అతనిదే.

ఫ్రేమ్‌వర్క్‌ల విషయంలో ఈ మూడో మనిషి తరచూ మన పక్కింటి అబ్బాయో అమ్మాయో అవుతారు. అది తెలియాలంటే అమీర్‌పేట శిక్షణ సంస్థల బోర్డుల మీద దశాబ్దాలుగా వెలుగుతున్న శాప్ గురించి చెప్పుకోవాలి. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు జర్మనీలో పెట్టిన కంపెనీ అది. ఖాతాలు, సరుకు, జీతాలు అన్నీ ఒకే వ్యవస్థలో నడిపే దాని ప్యాకేజీలో ఒక విశేషముంది. సొంత సర్వర్ల మీద నడుపుకునే కొనుగోలుదారుకు మూల కోడ్ కనిపిస్తుంది. కావాలంటే దాన్ని మార్చుకోవచ్చు.

ఊరికే కాదు, పద్ధతి ప్రకారం. కొనుగోలుదారు సొంతంగా రాసుకునే ప్రోగ్రామ్‌ల పేర్లు వై లేదా జడ్ అక్షరంతో మొదలవ్వాలి. శాప్ రాసిన మూల కోడ్‌నే కదపాలంటే పాత వ్యవస్థల్లో శాప్ దగ్గర నమోదు చేసుకుని తాళపుచెవి లాంటి సంకేతం తెచ్చుకోవాల్సి వచ్చేది. ఎవరు, దేన్ని కదిపారో దస్త్రంలో ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ మార్పులన్నీ ఎస్‌పీఏయూ అనే తెర మీద జాబితాగా ప్రత్యక్షమవుతాయి. ఒక్కోదాన్నీ చూసి, మన మార్పు ఉంచాలా, శాప్ కొత్త కోడ్‌కు దారివ్వాలా అని మనిషి తేల్చాలి.

ఆ మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న. పదిహేనేళ్ల కిందట జర్మనీలోనో అమెరికాలోనో ఒక మేనేజరు ‘మా పద్ధతి ఇంతే, ప్యాకేజీనే మార్చండి’ అన్నాడు. అప్పటి కన్సల్టెంటు మార్చాడు, బిల్లు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆ మార్పు ఎందుకు చేశారో ఎక్కడా రాయలేదు. ఇప్పుడు అప్‌గ్రేడ్ బాధ్యత హైదరాబాద్‌లో సపోర్ట్ బృందం మీద పడింది. శనివారం రాత్రి ఆఫీసులో కూర్చున్న పాతికేళ్ల ఇంజనీరు ముందు వందల వరసల జాబితా. ఏ మార్పు తీసేస్తే ఏ ఫ్యాక్టరీలో సరుకు రవాణా ఆగిపోతుందో తెలియదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, స్వేచ్ఛ అనుభవించినవాడు ఒకడు, లెక్క అప్పజెప్పేవాడు ఇంకొకడు.

మన దేశంలో 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడూ ఇదే వ్యత్యాసం. పన్ను మార్పులను శాప్ సపోర్ట్ ప్యాకేజీల రూపంలో పంపింది. మూల కోడ్ జోలికి పోని కంపెనీకి అది ఎక్కించుకుని పరీక్షించుకునే పని. ఇష్టారాజ్యంగా కదిపిన కంపెనీకి ముందు పాత మార్పుల చిట్టా విప్పుకునే పని. ప్రభుత్వం పెట్టిన గడువు ఇద్దరికీ ఒకటే. తమ పద్ధతే సాగాలన్న పట్టుదలకు జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ ఉదాహరణ ఇంకా పెద్దది. సరుకు విలువను కొన్న ధరతో లెక్కించడం దాని ఆనవాయితీ. శాప్ రిటైల్ ప్యాకేజీ సహజ పద్ధతి అమ్మే ధరతో లెక్కించడం. ఆనవాయితీ మారలేదు, ప్యాకేజీని మార్చుకుంటూ పోయారు. ఏడేళ్ల శ్రమ, అక్కడి పత్రికల అంచనా ప్రకారం 50 కోట్ల యూరోల ఖర్చు తర్వాత 2018లో ఆ ప్రాజెక్టును పక్కన పెట్టేశారు.

అప్‌గ్రేడ్ ఆలస్యమైతే పోయేది డబ్బే అయితే సరిపెట్టుకోవచ్చు. 2014 అక్టోబరు 15న డ్రూపల్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఘోరమైన భద్రతా లోపం బయటపడింది. ఆరోజే మందు విడుదల చేశారు. రెండు వారాల తర్వాత డ్రూపల్ భద్రతా బృందం చేసిన హెచ్చరిక చూసి చాలామందికి చెమటలు పట్టాయి. ప్రకటన వెలువడిన 7 గంటల్లోగా మందు వేయని ప్రతి సైటూ దొంగల చేతికి చిక్కిందనే అనుకోండి అన్నది దాని సారాంశం. 7 గంటలు! మూల కోడ్‌ను చెక్కుచెదరకుండా ఉంచినవాళ్లు ఆ సమయంలో ఫైళ్లు మార్చేసుకోగలరు. సొంత మార్పులతో అల్లుకుపోయినవాళ్లకు ఏ దారం ఎక్కడుందో వెతకడానికే ఆ గడువు చాలదు. మూలాన్ని కెలక్కండని డ్రూపల్ డెవలపర్లు కొత్తవాళ్లకు మొదటి పాఠంగా చెప్పేది ఊరికే కాదు.

మరి తీర్పు ఎటు? మొత్తం తాళం వేయడం సమాధానం కాదు. అలా చేస్తే మూర్తిగారి పేరు ‘మూ’ దగ్గరే ఆగుతుంది, లేదా డెవలపర్ దొడ్డిదారి వెతుక్కుంటాడు. దొడ్డిదారి వల్ల వచ్చే నష్టం తలుపు వల్ల వచ్చే నష్టం కంటే ఎప్పుడూ ఎక్కువే. అలాగని సుత్తి చేతికిచ్చి నీ ఇష్టం అనడమూ కుదరదు. ఫ్రేమ్‌వర్క్ ఓవర్‌రైడ్‌కు ఒప్పుకోవాలి. మూడు షరతులతో ఒప్పుకోవాలి.

మొదటిది, మార్చదగ్గవాటికి పేరున్న తలుపు ఉండాలి. జాంగోలో 2013 ఫిబ్రవరి దాకా వినియోగదారు పట్టికను మార్చుకోవడానికి పద్ధతైన దారి లేదు. ఈమెయిల్‌తో లాగిన్ కావాలన్నా, పొడుగు పేర్లు పట్టాలన్నా కొందరు మంకీ ప్యాచింగ్‌కు దిగారు. ఆ నెలలో వచ్చిన 1.5 వెర్షన్ ఒక సెట్టింగ్ ఇచ్చింది. మా పట్టిక బదులు మీ పట్టిక వాడుకోండి, దానికి ఉండాల్సిన కనీస లక్షణాలు ఇవి అని రాసిచ్చింది. అప్పటినుంచి అది దొంగచాటు వ్యవహారం కాదు. రెండు వైపులా మాట ఉంది.

రెండోది, తలుపు లేని చోట బలవంతంగా వెళ్లేవాడు సంతకం పెట్టి వెళ్లాలి. దీనికి ఇటీవలి జావా మంచి నమూనా. తన లోపలి భాగాలను ఇతర ప్రోగ్రామ్‌లు చాటుగా తవ్వుకోవడాన్ని 2017లో వచ్చిన జావా 9 హెచ్చరికలతో మొదలుపెట్టి, 2021లో 16, 17 వెర్షన్లలో దాదాపు పూర్తిగా ఆపేసింది. అయినా కిటికీ ఒకటి మిగిల్చింది. ‘ఫలానా గది తెరవండి’ అని ప్రోగ్రామ్‌ను నడిపేవాళ్లే ప్రారంభ ఆదేశంలో పేరు పెట్టి రాయాలి. ఎక్కడో లోపల దాక్కున్న లైబ్రరీ తనంతట తాను తెరుచుకోలేదు. ముప్పు ఎవరిదో నిర్ణయమూ వాళ్లదే. రేపు వచ్చే ఇంజనీరుకు ఆ ఒక్క వరస చూస్తే సంగతి తెలిసిపోతుంది.

మూడోది, ఖర్చు అంచనా. దీన్ని ఏ ప్రోగ్రామింగ్ భాషా అమలు చేయలేదు, మేనేజర్లు చేయాలి. మూల ప్రవర్తనను మార్చమని క్లయింట్ అడిగినప్పుడు ఆరోజు పట్టే పని గంటలే కాక, ఆ తర్వాత వచ్చే ప్రతి అప్‌గ్రేడ్‌లో దాన్ని మోయడానికి పట్టే గంటలు కూడా కొటేషన్‌లో చూపించాలి. మార్పు ఎందుకో ఒక పేరా రాసి పెట్టాలి. ఆ రెండూ చూశాక చాలామంది తమ ఆనవాయితీ అంత పవిత్రమైందేమీ కాదని తెలుసుకుంటారు. నిజంగా పవిత్రమైందైతే డబ్బు తెలిసే ఇస్తారు. పాత తరం బిజినెస్ సూట్‌కు ప్రధాన మద్దతు 2027 చివరితో ముగుస్తుందని శాప్ ప్రకటించాక, మూలాన్ని శుభ్రంగా ఉంచుకోండని అది చేస్తున్న ప్రచారంలో వ్యాపారం లేకపోలేదు. కానీ ఈ లెక్క మాత్రం నిజం.

ఇవన్నీ డెవలపర్‌కు చెప్పే నీతులే అనుకోకూడదు. ఫ్రేమ్‌వర్క్ తయారుచేసేవాళ్ల మీదా బాధ్యత ఉంది. వేల మంది ఒకే చోట ఓవర్‌రైడ్ చేస్తున్నారంటే, వాళ్లంతా ఒకే అర్జీ రాసి పోస్టు చేయలేదని అర్థం. ఆ అర్జీ చదివి మూలాన్నే సరిదిద్దితే ఓవర్‌రైడ్ అవసరమే ఉండదు. జాంగో 2020 ఆగస్టులో 3.1 వెర్షన్‌తో పేరు గడిని 30 నుంచి 150 అక్షరాలకు పెంచింది. దాంతో ఎవరూ ఏ గోడా కొట్టాల్సిన పని లేకుండా పోయింది.

తాళం ఉండాలా, స్వేచ్ఛ ఉండాలా అని ఫ్రేమ్‌వర్క్ రాసేవాడూ వాడేవాడూ వాదించుకుంటూనే ఉంటారు. వాళ్లిద్దరికీ మైకు ఉంది. ఎస్‌పీఏయూ జాబితా ముందు కూర్చున్న పాతికేళ్ల ఇంజనీరుకు లేదు. ఈసారి మూల కోడ్ మీద చెయ్యి వేసే ముందు, ఆ మార్పును పదేళ్ల తర్వాత చదవబోయేవాళ్లకు నాలుగు వాక్యాలు రాసి పెట్టండి. రాయడానికి కారణం దొరక్కపోతే ఆ మార్పు చేయకండి.